పాత శాంపిళ్లు

మురుగేశ్‌పాళ్య, మూడో అంతస్తు.
రాగిరేకు చుట్టిన గది తలుపు వేస్తే
బెంగళూరు టవర్లన్నీ ఒక్కసారి నోరు మూస్తాయి.
చేతిలో ఫోను, తనకేమీ వినపడటం లేదని ఒప్పుకుంటుంది.

ఇక్కడే రెండేళ్లుగా
ఒక చెవి తయారుచేస్తున్నాను.
ఒకే చెవి.
రెండువందల కిలోహెర్ట్జ్ సందులో నక్కిన పాతకాలపు మాటనీ
ఇరవై మెగాహెర్ట్జ్ వెడల్పున వరదలా వచ్చే బొమ్మల్నీ
అదే వినాలి.
సిలికాన్ మీద చోటు బంగారం.
వీధికో ఫిల్టరు కట్టుకుంటూ పోతే ఫోను జేబులో పట్టదు.
అందుకని ఫిల్టరు ఒకటే, గుణకాలు మారుతుంటాయి.
ఇల్లు అదే, గోడలు జరుపుకుంటాం.

వినాల్సింది తక్కువ, పారేయాల్సింది ఎక్కువ.
పదహారు శాంపిళ్లొస్తే పదిహేను వదిలేస్తాను.
వదిలేముందు వడకట్టకపోయానా,
పక్క స్టేషను వచ్చి మన కుర్చీలో కూర్చుంటుంది.
ఇక దాన్ని లేపడం ఎవరి తరమూ కాదు.

పద్మరాజయ్యగారిది వేరే కాలం.
బ్యాండుకో క్రిస్టల్, క్రిస్టల్‌కో రేకుడబ్బా,
కాయిల్ కదలకుండా మైనం కరిగించి పోసిన వేళ్లు.
నా కోడు ఆయన చదవరు.
"నీ ఫిల్టరుకి వాసన లేదమ్మా,
కాలితే తెలిసేదెట్లా?" అంటారు
కన్నడం అంటిన తెలుగులో.

ఆర్నెల్లుగా దానికో జబ్బు.
ఒక స్టాండర్డు నుంచి ఇంకోదానికి మారిన ప్రతిసారీ
మొదటి కొన్ని మైక్రోసెకన్లు
లోపలెవరో గొణుగుతారు.
లెక్కలు సరే. గుణకాలు సరే. గడియారం సరే.
తప్పు మిక్సర్‌దన్నాడు ఇళంగో,
ఇళంగోదే అన్నాను నేను.

కొన్ని మైక్రోసెకన్లే కదా, ఎవరు వింటారు అంటే,
బంగారపేట దాటే రైల్లో
పైబెర్తు మీద ముసుగులో పోట్లాడుకుంటున్న ఎవరో
టవరు మారినచోట
"ఏమన్నావ్?" అని మళ్లీ అడుగుతారు.
అవతలివాళ్లు అన్నదాన్నే
ఇంకాస్త మెత్తగా అంటారు, లేదా అసలనరు.
అంతమేరకు నాకు బాధ్యత ఉంది.

తరంగాన్ని కాగితం మీద అచ్చువేసి తెమ్మన్నారాయన.
స్క్రీన్ అంటే నమ్మకం లేదు.
పెన్సిల్ మొన, మార్పు జరిగిన గీత దగ్గర ఆగింది.
"గోడలు జరిపావు సరే,
లోపలున్నవాళ్లని పంపేశావా?"

నలభై ఎనిమిది గళ్లు. ఫిల్టరు జ్ఞాపకమంతా అంతే.
ఒక్కో గడిలో ఇంకా
వెళ్లిపోయిన కాల్ తాలూకు శాంపిలు,
కొత్త గుణకంతో గుణించుకుని
అర్థంకానిదేదో పలుకుతోంది.
రొద కాదది.
నిన్నటి మాట, ఇవాళ్టి వ్యాకరణం.

ఒక్క లైను రాశాను:
మారేముందు గళ్లన్నీ సున్నా.
గొణుగుడు ఆగిపోయింది.
ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
చొక్కాజేబులో దోపుకున్నారు.
అది తన ఆఖరి శుక్రవారమని
కేకు వచ్చేదాకా నాకు తెలీదు.

సోమవారం డిజైను ఫౌండ్రీకి వెళ్లింది.
నాలుగింటికి కాళ్లు వాటంతటవే మెట్లు దిగాయి.
గేటు పక్క బండి దగ్గర పుట్టణ్ణ
మరుగుతున్న గిన్నెలోంచి తలెత్తకుండా
"ఎష్టు?" అన్నాడు.
"ఎరడు," అన్నాను. "ఒందక్కె సక్కరె బేడ."

రెండు గ్లాసులు వచ్చాయి బల్ల మీదికి.
ఎవరికోసమని పుట్టణ్ణ అడగలేదు,
చిల్లర లెక్కపెట్టుకుంటున్నాడు.

చక్కెర లేనిదాన్ని
ఏం చేయాలో తోచక
ముందు అదే తాగాను.